పెద్దాపరేషన్ అన్న మాట

నాలుగేళ్లుగా ఒక్క మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా పెద్ద తోడికోడలిని నేను అక్క అంటాను. బావ మస్కట్‌లో పనిచేసేవాడు. లావు తగ్గడానికి అక్క హైదరాబాద్‌లో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది. ఆ సంగతి బావకూ మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఊళ్లో నవ్వుతారని, గర్భసంచి తీశారని చెబుదామన్నది నేనే. మా దగ్గర దాన్ని పెద్దాపరేషన్ అంటారు. ఆ మాట అన్నాక ఇంకెవరూ ఆరా తీయరు.

రెండేళ్లకు వాకిట్లో జారిపడి అక్క పాదం ఎముక విరిగింది. ఎముకలు గుల్లబారాయని, ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ వేయాలని కోరుట్ల డాక్టరు అన్నాడు. అక్క ఎక్స్‌రే గదిలో ఉంది. ఆయన నన్నడిగాడు.

"ఇంతకుముందు ఏమన్న ఆపరేషన్లు అయినయా అమ్మా?"

పక్క బల్ల మీద మా వాడకట్టులోనే ఉండే ఒకామె కూర్చుంది, చెవులు ఇటే పెట్టి.

"పెద్దాపరేషన్ అయింది సార్."

"గర్భసంచి తీసిన్రా?"

"ఔ సార్."

రాసుకున్నాడు. ఇంజెక్షన్ వేశారు. ఆ వాడకట్టు ఆమె వెళ్లిపోయాక నేను తిరిగి లోపలికి పోయి నిజం చెప్పి ఉండకూడదా? మా ఊరికి పోయే ఇబ్రహీంపట్నం బస్సు వచ్చింది, ఎక్కేశాం. నిజంగా బస్సు కోసమేనా? లేక మాట మారిస్తే డాక్టరు ముందు అబద్ధాలకోరునవుతానన్న సిగ్గా? ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి నన్ను నేను ప్రశ్నించుకుంటున్నా నాకే తెలియడం లేదు.

వారానికి అక్క వేళ్లు తిమ్మిరెక్కాయి. బీడీలు చుట్టి చుట్టి అలా అవుతుందిలే అన్నాను. మర్నాడు పెదవుల చుట్టూ తిమ్మిరి. మూడోనాడు బీడీల చాట ఒళ్లో ఉండగానే చేతులు కొంకర్లు పోయి, ఫిట్స్ వచ్చి పడిపోయింది.

అక్కను కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరుకు మాత్రం, ఎవరూ లేనప్పుడు, అసలు సంగతి చెప్పాను. ఆ ఆపరేషన్ అయినవాళ్లకు తిన్న కాల్షియం సరిగా ఒంటికి పట్టదట. రక్తంలో ఎంతుందో చూసి, తక్కువుంటే సరిచేశాకే ఆ ఇంజెక్షన్ వేయాలట. లేకపోతే ఉన్నది కూడా పడిపోతుందట. కోరుట్లలో ఇంజెక్షన్ వేసేముందు ఆపరేషన్ల గురించి ఎవరూ అడగలేదా అన్నాడు. అడగలేదని తల అడ్డంగా ఊపాను.

మొదటి అబద్ధం భయంతో ఆడాను. దీనికేం పేరు పెట్టను?

సెలవు ఇవ్వకపోయినా బావ వచ్చేశాడు. కోరుట్ల డాక్టరును నలుగురిలో నిలబెట్టి తిట్టాడు. అడిగాను, ఈమెనే అడిగాను అని ఆయన నావైపు చూపించాడు. నన్నేమీ అడగలేదన్నాను. అందరూ నన్నే నమ్మారు.

మస్కట్ కంపెనీ బావను మళ్లీ పిలవలేదు. ఇప్పుడు కోరుట్లలో ఆటో నడుపుతున్నాడు. అక్క బతికింది. ఇంటికి ఎవరొచ్చినా, "మా చెల్లె దవాఖానకు తీస్కపోకుంటే ఎన్నడో సచ్చిపోదును" అంటుంది. నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. అక్క వేళ్లు విదిలించుకుంటే చాలు, ఇప్పటికీ చేతిలో పని వదిలేసి చూస్తాను.

క్షమించమని అడగడం లేదు. రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. గర్భసంచి కాదు సార్, పొట్ట చిన్నగ చేసిన్రు అంటే సరిపోయేది. ఆయన అడిగాడు. నేనే చెప్పలేదు.