జపాను నుంచి వచ్చి వాపసు పోయిన నక్క ఆట

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని అమ్మా నాయనా అట్లా ఒరిగితే చాలు, నేనూ మా పద్మక్కా టీవీ ముందర చాప పరిచేస్తాంటిమి. చిన్నాయన బెంగళూరు నుంచి తెచ్చిన వీడియో గేము మిషను... దాంట్లోకి ఒకే ఒక క్యాసెట్టు. పసుప్పచ్చది, అరచెయ్యంత. పైన జపాను అక్షరాలు. మాకేం తెలుసు దాని పేరు? "నక్క ఆట" అంటాంటిమి.

నెత్తిన కుండ పెట్టుకున్న నక్క ఒకటి మంచుకొండలు ఎక్కల్ల. కుండ పడితే ఆట ఖతం. నక్క ఎప్పుడూ అక్క చేతిలోనే... నా రిమోటుకి ఒకటే పని, కాకుల మీదికి రాళ్ళు వెయ్యడం. "ఒరే శీనా, కాకిరా... కాకి! నిద్రపోతాండావా?" అని మోచేత్తో ఒక పొడుపు. అబ్బా, ఆ పొడుపులు!

ఏడు కొండలు ఎక్కేస్తాంటిమి. ఎనిమిదోది చూసిన పాపాన పోలేదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోతాండె.

తరువాత అక్కకి చింతామణి ఊరి సంబంధం కుదిరింది. పెళ్ళయి పోయిన వారానికి... ఒట్టి కోపం నాకు, ఎవరి మీదో కూడా తెలీదు... వీధిలోకి పాత ప్లాస్టిక్కు సామాన్లు కొనే ఆయప్ప వస్తే, ఆ క్యాసెట్టు ఇచ్చేసి దోసెడు ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, తీసుకుంటి. అమ్మ వాటితో ఉప్మా చేసింది. సిగ్గు లేకుండా నేనూ తింటి. మిషను మాత్రం ఇప్పటికీ అటక మీద బతికే ఉండాది.

పోయిన సంవత్సరం అక్కకి షుగరు కళ్ళకెక్కింది. ఎడమకన్ను అయిపోయింది. కుడికంట్లో కొంచెం చూపుండాది... టీవీకి జానెడు దూరంలో కూర్చుంటే బొమ్మ తెలుస్తాది. అదీ ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు డాక్టరు. ఆ పొద్దు బస్సులో వస్తా వస్తా అక్క అడిగింది... "శీనా, ఆ ఎనిమిదో కొండ మీద ఏముంటాదిరా?"

ఆ క్యాసెట్టుని ఎర్రగడ్డలకి అమ్ముకున్నోడిని నేనే కదా.

అక్క కూతురు కావ్య చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ చదువుతాంది. ఆ పిల్ల ఫోనులో ఆడుకునే మాదిరి ఏమన్నా దొరుకుతాదేమో అని వెతికింది, యాడా లేదు. కడాకు జపానులో పాత ఆటలు అమ్మే అంగడి ఒకటి ఆన్‌లైన్లో కనపడింది. అదే పసుపు, అదే నక్క! వాళ్ళ దగ్గరుండేది ఒకటే. వాళ్ళ భాషని ఫోనులో తెలుగు చేసుకొని, మా అంగడి అడ్రసు ఇచ్చి, నేరుగా ఆ జపానాయన దగ్గరే కొంటిమి. ఇంక దినామూ కావ్యకు ఫోను... "యాడికొచ్చిందమ్మా?" ఒకరోజు ఆ పిల్ల "ఇండియాకి వచ్చేసింది మామా!" అని కేక పెట్టింది.

ఇంక నా పాడు నోటి సంగతి వినండి.

బాగేపల్లిలో మాది దినుసుల అంగడి. పొద్దున బోణీ కాకముందు గల్లాపెట్టెలోంచి రూపాయి బయటికి పోకూడదు... తాత కాలం నుంచీ అంతే. ఆ పొద్దు షట్టరెత్తి, నీళ్ళు చల్లి, దేవుని పటానికి ఊదుకడ్డీ తిప్పుతాండా. వెనకనుంచి ఎవరో "దుడ్లు కట్టల్లప్పా" అన్నారు. నేను తల కూడా తిప్పలేదు. "బోణీ కాలేదప్పా, ఆమీద రా" అంటి. రోజూ పదిమందికి చెప్పే మాటే... నోరే చెప్పేసింది.

ఆయప్ప కొత్తగా వచ్చిన పోస్టుమ్యానని నాకు తరువాత తెలిసింది. మా నక్క ఆటని చేతిలో పెట్టుకొని, దానికి కట్టాల్సిన కస్టమ్స్ సుంకం కోసం నిలబడినాడు. నేను పొమ్మంటే పోయినాడు.

మరుసటి రోజు అంగడి మూసి, అక్కని పిలుచుకొని బెంగళూరు ఆసుపత్రికి పోతిమి. నాలుగు రోజులు ఆడనే. వచ్చే నెల ఆపరేషను, చేసినా చూపు నిలుస్తాదని మాటివ్వలేమన్నారు. ఆ లోపల పోస్టుమ్యాను మళ్ళీ వచ్చి షట్టరు సందులో చీటీ పెట్టిపోయినాడంట. తిరిగొచ్చినాక దాన్ని చెత్తతోపాటు ఊడ్చి పారేసింది కూడా నేనే!

"మామా, పార్సిలు వాపసు పోయిందంట" అని కావ్య ఫోను చేస్తే పోస్టాఫీసుకి పరిగెత్తితి. కాళ్ళు పట్టుకునేంత పని చేస్తి. "గడువు దాటినాక పెట్టుకోలేము కదా సార్" అన్నారు. వాళ్ళదేం తప్పు? ఓడలో జపాను చేరేటప్పటికే రెండు నెలలు పడతాదంట. మళ్ళీ ఈడికి రావల్లంటే ఇంకెన్నాళ్ళో... అక్క కంటికి అంత టైము యాడుండాది?

అక్కకి ఫోనులో చెప్పేస్తి. తిడుతుందనుకుంటి. తిట్టింటే బాగుండు. "ఆ పొద్దు బోణీ బాగా అయిందారా?" అనింది. ఎగతాళికి కాదు... అంగడోళ్ళ బిడ్డ కదా, నిజంగానే అడిగింది. నేను లోపలికి పోయి బియ్యం మూటల మధ్య కూర్చొని ఏడిస్తి. నలభై దాటినోడిని, చిన్నపిల్లోని మాదిరి.

మా కాలంలో ఏది కావల్లన్నా పక్కింటి గోడ మీదినుంచి ఒక కేకేస్తే ఇస్తాండ్రి. ఇప్పుడు జపాను అంగడి నా జేబులోనే ఉండాది... కేకేస్తే పలికే పక్కిల్లే లేదు. అందుకే ఈడ రాసి, మీ అందరికీ కేకేస్తాండా.

పసుప్పచ్చ క్యాసెట్టు... మీద కుండ పెట్టుకున్న నక్క... మీ ఇంట్లో, ఏ పాత ట్రంకుపెట్టెలోనో ఉండాదేమో ఒకసారి చూడండప్పా, చూడండమ్మా. పక్కనుండే చాకవేలైనా, పరగోడైనా, ఇంకెంత దూరమైనా సరే. అమ్మొద్దు, ఒక్క పూటకి ఇస్తే చాలు. ఆపరేషనుకి ఇంకా పదకొండు రోజులుండాయి. కబురు పెట్టండి... ఏ పొద్దైనా సరే, బోణీ కాకపోయినా సరే, షట్టరు దించి వచ్చేస్తా.