మారు వడ్డన

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఒకప్పుడు బోర్డు లేని మెస్సు ఒకటి ఉండేది. దాని పేరేమిటని అడిగితే అక్కడ ఏళ్ల తరబడి తిన్నవాళ్లు కూడా చెప్పలేరు. "అచ్చియమ్మ గారింట్లో తింటున్నాం" అనేవారు, అంతే. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగాలకని వచ్చి సికింద్రాబాద్ స్టేషన్లో దిగిన కుర్రాళ్లు ముందు ఆ ఇల్లు వెతుక్కుని, కడుపు నింపుకుని, తర్వాత ఉద్యోగం వెతుక్కునేవారు.

అచ్చియమ్మ భర్త ఎల్లాజీ రైల్వేలో పట్టాల మీద పనిచేసేవాడు. ఆయన చిన్న వయసులోనే పోతే, చంకలో కూతురు కనకలక్ష్మితో ఆవిడ పొయ్యి వెలిగించుకుంది. ఆ మెస్సులో ఒకటే చట్టం. "మారు ఎయ్యనా?" అని అడగకుండా అచ్చియమ్మ ఎవరినీ విస్తరి ముందు నుంచి లేవనిచ్చేది కాదు. అడగడమంటే ఊరికే మాటవరసకి. వద్దన్నా వేసేది. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పప్పు పోసేది. తిట్టుకుంటూ తిన్నవాళ్లే, తర్వాత పెళ్లాలను తీసుకొచ్చి ఆవిడ కాళ్లకు దండం పెట్టించారు.

ముసలితనంలో స్నానాల గదిలో జారిపడితే ఆవిడ తుంటి ఎముక విరిగింది. కనకలక్ష్మిది లిఫ్టు లేని ఇల్లు, పైగా పొద్దున్నే వెళ్లి పొద్దుగూకాక వచ్చే ఉద్యోగం. ఏం చెయ్యాలో తోచక కూతురు గింజుకుంటుంటే అచ్చియమ్మే తేల్చేసింది. "ఒక్కదాన్నీ గోడలు చూసుకుంటా కూకోలేనే. నలుగురు తినే చోట పడెయ్ నన్ను" అంది. అలా బోయిన్‌పల్లిలోని ఒక వృద్ధుల ఆశ్రమానికి వచ్చింది.

అక్కడికొచ్చినా ఆవిడ తీరు మారలేదు. భోజనాల వేళ వాకర్ టకటకలాడించుకుంటూ బల్లబల్లకీ వెళ్లి "తిన్నారేటి? సరిపోయిందేటి? మారు కావాలేటి?" అని ఆరా తీసేది. ఆయా రోసమ్మ నవ్వి, "అమ్మమ్మ డ్యూటీ ఎక్కింది, ఇగ మనం ఇంటికి పోవచ్చు" అనేది.

అచ్చియమ్మ గదిలోనే ఉండేది వీరరాఘవమ్మ. గుంటూరు వైపు మనిషి, వయసులో పెద్దది. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, కుడిచెయ్యి లేవదు, మింగడం కష్టం. ఆవిడకి అన్నీ మెత్తగా రుబ్బి, చెంచాతో కొంచెం కొంచెంగా తినిపించేవారు. మాట లేని మనిషి పక్కన మాట ఆగని మనిషి. ఇద్దరికీ భలే కుదిరింది. అచ్చియమ్మ ఆవిణ్ని "అప్పా" అని పిలిచేది. వాళ్ల వైపు అక్కని అలాగే అంటారు. మెస్సు కబుర్లన్నీ, అందరికీ మారు వడ్డించిన సంగతితో సహా, ఆవిడకీ, చూడటానికి వచ్చే ఆవిడ కొడుక్కీ చెప్పేది. వీరరాఘవమ్మ కళ్లతో నవ్వేది.

ఇలా ఉండగా కనకలక్ష్మి కూతురు సింధూర కడుపుతో ఉందని తెలిసింది. ఐదో నెలలో కనకలక్ష్మి చలిమిడి చేసి తల్లికి తెచ్చి ఇచ్చి వెళ్లింది. తడిబియ్యం దంచిన పిండి, బెల్లం పాకం, నెయ్యి. కడుపుతో ఉన్న పిల్లకి చలిమిడి పెడితే కడుపు చల్లగా ఉంటుందని నమ్మకం. దాన్ని నలుగురు పెద్దవాళ్లకి పంచి దీవెన పుచ్చుకోవాలి. ఆ ఆశ్రమంలో వీరరాఘవమ్మ కంటే పెద్దదెవరు?

అచ్చియమ్మ ఆలోచించకపోలేదు పాపం. జంతికలు, చేగోడీలు వంటి గట్టి తినుబండారాలేవీ ఆవిడకి పెట్టకూడదని తను చేరిన రోజే చెప్పారు. చలిమిడికి పళ్లతో పనేముంది? వేలితో నొక్కితే నొక్కుకుపోతుంది. పసిపిల్లలా నోరు తెరిచిన వీరరాఘవమ్మకి చిన్న ముద్ద పెట్టి, "నా మనవరాల్ని దీవించప్పా" అంది.

ఆ ముద్ద గొంతులో జిగురులా అతుక్కుపోయింది. దగ్గు కూడా రాలేదు. వీరరాఘవమ్మ మొహం నల్లబడింది, కళ్లు తేలేసింది. అచ్చియమ్మ పెట్టిన కేక వీధి దాకా వినబడి ఉంటుంది. పక్క గదిలో దుప్పట్లు మడతపెడుతున్న రోసమ్మ పరుగున వచ్చి, ఆవిణ్ని ముందుకు వంచి, అరచేత్తో వీపు మీద గట్టిగా చరిచింది. మళ్లీ చరిచింది. ముద్ద ఊడి కింద పడింది. వీరరాఘవమ్మ ఊపిరి పీల్చిన చప్పుడు విని అచ్చియమ్మ నేల మీద కూలబడిపోయింది.

ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించారు. ప్రమాదమేమీ లేదన్నారు. ఆశ్రమం బాధ్యతలు చూసే నర్సు ప్రిసిల్లా, ఇంకెవరి నోటనో వినకముందే, వీరరాఘవమ్మ కొడుకు దుర్గేష్‌కి తనే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏ.ఎస్. రావు నగర్‌లో దుకాణం వదిలేసి అతను పరిగెత్తుకొచ్చాడు.

"మా అమ్మకి గది మార్చండి మేడమ్. ఆవిణ్ని మా అమ్మ దగ్గరికి రానివ్వద్దు" అన్నాడు గదిలోకి వస్తూనే. తల్లిని పోగొట్టుకోబోయినవాడి కోపం అది, తప్పు పట్టలేం.

వీరరాఘవమ్మ మంచం పక్కనే కూర్చున్న అచ్చియమ్మ తలెత్తలేదు. "ఆ బాబు సెప్పింది నిజమే. నన్నే పంపేయండి. ఈ సేత్తో ఇంత మందికి పెట్టాను, ఈ సేత్తోనే..." అంది.

ప్రిసిల్లా ఆవిడ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. "అమ్మా, గట్టివి పెట్టొద్దని మీకు చెప్పాం. జిగురువి ఇంకా డేంజరని చెప్పలేదు. అది మా తప్పు. బయటి తిండి గదిలోకి వచ్చేముందు మేం చూడాలి కదా, చూడలేదు. అదీ మాదే. రేపట్నుంచి చూస్తాం" అంది. తర్వాత దుర్గేష్ వైపు తిరిగింది. "సర్, గది మార్చమంటే మారుస్తాను. కానీ ఉండాల్సింది మీ అమ్మగారు. ఆవిణ్ని కూడా అడుగుదాం."

మాట లేని మనిషిని ఏం అడుగుతారని దుర్గేష్ అనుకున్నాడేమో. ప్రిసిల్లా మంచం దగ్గర వంగి నెమ్మదిగా అడిగింది. వీరరాఘవమ్మ ఎడమచెయ్యి దుప్పటి మీద పాకుతూ వచ్చి, అచ్చియమ్మ కొంగు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. దుర్గేష్ ఆ చేతిని చూశాడు. ఇక గది మాట ఎత్తలేదు.

కొంగు పట్టుకున్న మనిషి క్షమించేసింది. కానీ అచ్చియమ్మ చెయ్యి తనని తాను క్షమించుకోలేదు. భోజనాల గదిలో వాకర్ చప్పుడు ఆగిపోయింది. తన కంచంలోది తను తిని గదికి వచ్చేసేది. మారు అన్న మాట ఆవిడ నోట మళ్లీ వినబడలేదు. రోజూ పొద్దున్నే రోసమ్మ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకునేది. "ఊకో అమ్మమ్మా, ఏం కాలే గదా. ఎన్ని దినాలు గిట్ల ఏడుస్తవ్?" అని రోసమ్మ కసిరేది. కసిరి తనూ కళ్లు తుడుచుకునేది.

ఇదంతా చూసి ప్రిసిల్లా ఒక మధ్యాహ్నం చెంచా తెచ్చి అచ్చియమ్మ చేతిలో పెట్టింది. నాకొద్దని అచ్చియమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"పెట్టడం మానేస్తే మీరు తినడం కూడా మానేస్తారు, నాకు తెలుసు. పెట్టండి. ఎలా పెట్టాలో నేర్పిస్తాను, నేను పక్కనే ఉంటాను" అంది ప్రిసిల్లా.

జీవితమంతా వడ్డించిన మనిషి మళ్లీ మొదటి నుంచీ నేర్చుకుంది. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి వంచాలి. చెంచా నిండా తీసుకోకూడదు. గుటక పడేదాకా ఆగాలి. నోరు ఖాళీ అయిందో లేదో చూశాకే రెండోది. తిన్నాక వెంటనే పడుకోబెట్టకూడదు. అచ్చియమ్మకి అన్నిటికంటే కష్టమైంది ఆగడమే. వేళ్ల సందుల్లోంచి పప్పు పోసిన మనిషాయె! కానీ భయం, ప్రేమ కలిసి ఆగడం నేర్పాయి. ప్రిసిల్లానో రోసమ్మో పక్కనుండగా, ఆవిడ చేతి చెంచా వీరరాఘవమ్మ నోటిదాకా వెళ్లసాగింది.

సింధూరకి ఆడపిల్ల పుట్టిన కబురు వచ్చిన రోజున అచ్చియమ్మ జంకుతూ జంకుతూ ప్రిసిల్లాని ఒక కోరిక కోరింది. అదే బియ్యప్పిండి, అదే బెల్లం. ముద్దగా కాక పాలల్లో ఉడికించి, నున్నగా వడగట్టించి తినిపించవచ్చా అని. ప్రిసిల్లా వంటింట్లో దగ్గరుండి చేయించింది. చెంచా వంచి, జారుడు చూసి, వీరరాఘవమ్మకి సరిపోతుందనుకున్నాకే గిన్నె అచ్చియమ్మకి ఇచ్చింది. ఆ రోజు దుర్గేష్ కూడా తల్లిని చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

అచ్చియమ్మ పెట్టింది, ఆగింది. గుటక పడింది. మళ్లీ పెట్టింది, ఆగింది. గుమ్మంలో ఉన్న కొడుకు కూడా తల్లి గొంతు వైపే చూస్తూ తనూ గుటకలు మింగుతున్నాడు. చివరికి గిన్నె ఖాళీ అయింది. అచ్చియమ్మ తేలిగ్గా ఊపిరి వదిలి, మూతి తుడిచి, గిన్నె పక్కన పెట్టింది.

వీరరాఘవమ్మ ఎడమచెయ్యి లేచింది. ఖాళీ గిన్నె మీద వేలితో తట్టింది. అచ్చియమ్మ అర్థం కాక ఆవిడ మొహంలోకి చూసింది. వీరరాఘవమ్మ మళ్లీ తట్టింది, ఈసారి గట్టిగా.

"అడగండి పిన్నిగారూ, అమ్మ ఎదురుచూస్తోంది" అన్నాడు దుర్గేష్ గుమ్మంలోంచి.

అచ్చియమ్మ ఖాళీ చెంచా మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఇన్ని నెలలుగా గొంతులోనే ఉండిపోయిన మాట అప్పటికి బయటికొచ్చింది.

"మారు ఎయ్యనా, అప్పా?"

వీరరాఘవమ్మ నోరు తెరిచింది. రోసమ్మ గిన్నె అందుకుని వంటింటి వైపు వెళ్లింది. అది వచ్చేదాకా అచ్చియమ్మ ఖాళీ చెంచా పట్టుకుని, ఎవరు చూస్తే ఏమని, హాయిగా ఏడుస్తూ కూర్చుంది.