కూర్చుని ఏలే ఊరు

మా అన్నయ్య చైరియాస్ ఎడమ పాదం లోపలికి తిరిగి పుట్టాడు. మా ఆచారం ప్రకారం పుట్టిన ఐదో రోజున తండ్రి బిడ్డను ఎత్తుకుని పొయ్యి చుట్టూ తిరిగితే ఆ బిడ్డ ఇంటివాడు. తిరగకపోతే ఎవరివాడూ కాడు, కుండలో పెట్టి ఊరి బయట వదిలేస్తారు. ఏ సంగతో తేల్చాల్సింది మా నాన్న ఫానియాస్ ఒక్కడే.

మాది ఏథెన్స్ వాళ్ల రేవు, పిరేయస్. యుద్ధ ఓడల్లో తెడ్లు వేసేవాళ్లు కింద వేసుకునే తోలు మెత్తలు కుట్టడం నాన్న పని. బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి ఆయన మెత్తలు కుడుతూనే కూర్చున్నాడట. అమ్మను ఎవరూ అడగలేదు. నానమ్మ మాత్రం అడక్కుండానే చెప్పింది, కుంటివాణ్ణి పెంచితే ముసలితనంలో మనల్ని వాడు చూడడు, మనమే వాణ్ణి చూడాలని.

చివరికి నాన్నకొక ఉపాయం తట్టింది. కాన్పుకి ముందే ఇంట్లో పెట్టుకున్న దాదిని అడుగుదాం అనుకున్నాడు.

దాది అల్కిప్పది స్పార్టా పక్క పల్లె. అక్కడి దొరల ఇళ్లల్లో పిల్లల్ని పెంచింది. చేపల వ్యాపారం చేసే మొగుడితో ఇక్కడికొచ్చి, అతను పోయాక ఇక్కడే ఉండిపోయింది. మావాళ్లు స్పార్టావాళ్లను పొద్దున్న లేస్తే తిడతారు గానీ, పిల్లల్ని పెంచడానికి మాత్రం అక్కడి మనిషే కావాలంటారు. అక్కడి దాదులు పిల్లల్ని గుడ్డల్లో చుట్టి కట్టెయ్యరు, పెట్టింది తినిపిస్తారు, చీకటంటే భయం లేకుండా చేస్తారు.

అల్కిప్ప నీళ్లకు కూడా పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్లేది. ఆడదానికి ఆ నడకేమిటని నానమ్మ గొణిగితే, మా ఆడపిల్లలు పరుగు పందాలు కూడా వేస్తారనేది. స్పార్టాలో పెద్దల సభకు మనిషిని ఎన్నుకునేటప్పుడు, ఎవరికి జనం గట్టిగా అరిస్తే వాడే పెద్ద అని ఆమె చెప్పిన రోజు నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడట. గొంతులు బాగున్న ఊరన్నమాట అన్నాడట.

"మీరు చీటీ తీసినట్టు చిక్కుడు గింజ తీసి ఎవడొస్తే వాడికి పదవిస్తారుగా. మావాళ్లు కనీసం మొహం చూసి అరుస్తారు," అందట అల్కిప్ప.

స్పార్టాలో పుట్టిన బిడ్డను పెద్దలు పరీక్షించి ఉంచాలో వద్దో చెప్తారని ఊరందరికీ తెలుసు. అలాంటి చోటి మనిషి వద్దంటే ఇక తన తప్పేమీ లేదని నాన్న లెక్క. అందరి ముందూ పిలిచి అడిగాడు.

"అల్కిప్పా, మీ దగ్గరైతే ఇలాంటివాణ్ణి ఏం చేస్తారు?"

"పారేస్తారు."

విన్నావుగా అన్నట్టు నానమ్మ నాన్న వంక చూసింది. అమ్మ పైగుడ్డ నోట్లో కుక్కుకుంది. నాన్న మెత్త పక్కన పెట్టి లేవబోయాడు.

"కూర్చోవయ్యా," అంది అల్కిప్ప. "ఎందుకు పారేస్తారో అడగవేం?"

నాన్న కూర్చున్నాడు. ఆ రోజు మాట్లాడినంత పొడుగ్గా అల్కిప్ప మాట్లాడటం ఎవరూ అంతకుముందు చూడలేదట.

"అక్కడ మగాడంటే డాలు పట్టుకుని వరసలో నిలబడాలి. వీడి కాలు జారితే పక్కవాడు చస్తాడు. నిలబడలేనివాడితో ఆ ఊరికి పని లేదు. మరి మీ ఊరు దేని మీద నడుస్తోంది?"

"ఓడల మీద."

"తెడ్లు నిలబడి వేస్తారా?"

నాన్న పక్కనున్న మెత్త వైపు చూశాడు.

"కోర్టులో తీర్పు చెప్పేదీ కూర్చునే. కొండ మీద ఊరి సభలో ఓటుకి చెయ్యెత్తేదీ కూర్చునే. ఈ ఊరిని ఏలడానికి రెండు చేతులూ గట్టి పిర్రలూ ఉంటే చాలు. ఇదిగో, చూసుకో," అని పిల్లాణ్ణి బోర్లా తిప్పి చూపించింది.

ముందు నవ్వింది నానమ్మే. నాన్న మాత్రం నవ్వలేదు. మీ ఊరి పద్ధతే మంచిదంటావనుకున్నాను అన్నాడు నెమ్మదిగా.

"అది అక్కడికి సరిపోయింది. అక్కడ తండ్రి చేతిలో ఏమీ లేదు, ముసలాళ్లు చెప్తే అంతే. ఇక్కడ మురుక్కాలవ తవ్వడానికి కూడా వేలమంది చేతులెత్తుతారు, బిడ్డ సంగతి మాత్రం ఒక్కడికే వదిలేశారు. ఆ ఒక్కడివి నువ్వు. మా ముసలాళ్ల మీదకి తొయ్యకు."

నాన్న అప్పుడు అమ్మ వైపు తిరిగి, నువ్వేమంటావు ఫిలిన్నా అని అడిగాడు. అమ్మ చెయ్యెత్తింది, అచ్చం సభలో ఎత్తినట్టు. ఆవిడ సభ ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లను అక్కడికి రానివ్వరు.

ఐదో రోజు నాన్న పిల్లాణ్ణి ఎత్తుకుని పొయ్యి చుట్టూ పరుగే తీశాడట. నెమ్మదిరా, వాడు పడతాడు అంటూ నానమ్మ వెనకాల పడిందట. ఆనవాయితీ ప్రకారం చుట్టాలు ఆక్టోపస్ ముక్కలు, క్యాబేజీ తెచ్చారు.

సాయంత్రం అల్కిప్ప గోరువెచ్చని నూనెతో ఆ పాదాన్ని తిన్నగా సాగదీసి, మెత్తటి తోలు పట్టీతో చుట్టి కట్టింది. రోజూ విప్పి మళ్లీ కట్టేది.

పిల్లల్ని కట్టకూడదన్నావుగా అని నానమ్మ దెప్పింది.

"కట్టింది పిల్లాణ్ణి కాదు, కాలిని," అందట.

పాదం చాలావరకు తిన్నగా అయింది కానీ పూర్తిగా కాదు. నడిస్తే ఇప్పటికీ ఒక పక్కకి ఒరుగుతాడు. ఈ వసంతంలో అన్నయ్య తెడ్డు వెయ్యడానికి మొదటిసారి యుద్ధ ఓడెక్కాడు. మధ్య వరస బల్ల ఇచ్చారు.