కానుగ చెట్టుకు మూడు వాక్యాలు

బుధవారం పొద్దున దీపం వెలిగిస్తుంటే మా చెల్లెలు వచ్చి, "అక్కా, మాస్టారు గారు పోయారు" అంది. నిద్రలోనే వెళ్ళిపోయారట. వత్తి సరిచేసి, ఆయన్ని తలుచుకుని దండం పెట్టుకున్నాను. దుఃఖం ఉంది. కానీ ఆయన గురించి చెప్పాలనే ఆత్రం అంతకన్నా ఎక్కువగా ఉంది.

మా పక్క ఫ్లాటే. పంజాగుట్టలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత, అమీర్‌పేటలో మా కాలనీ పార్కులో ప్రతి చెట్టుకూ ఒక బోర్డు పెట్టాలని పట్టుబట్టారు. నల్ల రేకు, తెల్ల రంగు, మూడే వాక్యాలు. "నాకు శాస్త్రం వచ్చు, మాటలు రావు. రోజూ పూజకు పూలు కోసేది మీరే కదమ్మా, మీరు రాయండి" అన్నారు. చింపిన క్యాలెండర్ కాగితాల వెనక రాయడం మొదలుపెట్టాను.

మొదటిది మారేడు. ఎంత భక్తిగా రాశానంటే, వారం తిరక్కుండా ఎవరో ఆ బోర్డుకే పసుపు పూసి, బొట్లు పెట్టి, దండ వేసి పోయారు. ఒక్క అక్షరం కనిపించదు. మాస్టారు గారు బెంచీ మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వారు.

"బోర్డుకు పూజ, చెట్టుకు చెంబెడు నీళ్ళు లేవు! చదివినవాళ్ళు దండం పెట్టుకోవడం కాదమ్మా, మెడ తిరగాలి. బోర్డు మీంచి చెట్టు వైపు."

సిగ్గేసింది. రేకు కడిగి మళ్ళీ రాశాం: "రాలిన ఆకు ఒకటి తీసుకోండి. వెలుగుకు ఎత్తి చూడండి, సన్నని చుక్కలు కనిపిస్తాయి. వాసనంతా ఆ చుక్కల్లోనే ఉంది."

మర్నాడు, మైత్రీవనంలో క్లాసులు ముగించుకుని ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళకు పార్కులోంచి అడ్డంగా పోయే ఆడపిల్లలు నలుగురు ఆగారు. నాలుగు ఆకులు ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూస్తున్నారు. "ఏయ్, నిజంగనే చుక్కలున్నయే!" అని ఒక పిల్ల అరిచింది.

"తిరిగింది! మెడ తిరిగింది!" అంటూ మాస్టారు గారు బెంచీ మీంచి లేచి నిలబడ్డారు. యాభై దాటినదాన్ని, నేనూ చప్పట్లు కొట్టాను.

అలా ఒక్కో చెట్టూ అయింది. మాట ఎక్కువైతే దాన్ని వేలితో కప్పి చదివేవారు. "ఇది లేకపోతే చెట్టు పడిపోతుందా?" అనేవారు. జామకు ఒక్క పూటలో వచ్చింది. వేపకు నెల పట్టింది.

మిగిలింది గేటు పక్క కానుగ. పూత రోజుల్లో కిందంతా పూలే. కాలనీ సెక్రటరీకి దాన్ని కొట్టించాలని ఉంది. "అక్కా, ఊడ్వలేక సస్తున్నం. అది పోతే పది బండ్లు పడ్తయ్" అనేవాడు. ఆదివారం మీటింగులో తేల్చేస్తామన్నారు. సోమవారం నేను రాసిచ్చింది చదివి మాస్టారు గారు పెదవి విరిచారు. "నీడనిస్తుంది, నూనెనిస్తుంది... ఇది సన్మానపత్రం అమ్మా. శాలువా కూడా కప్పుదామా?"

బుధవారానికి ఆయన లేరు.

పలకరింపుకు వెళ్ళినప్పుడు వాళ్ళావిడ నల్ల రంగు వేసి ఆరబెట్టిన రేకు తెచ్చి నా చేతిలో పెట్టారు. "కానుగదట. 'ఆవిడకు వస్తుంది, ఇవ్వు' అన్నారు."

జపంలో కూడా కానుగే. శనివారం వెళ్ళి ఆ చెట్టు కింద చెప్పులు విడిచి నిలబడ్డాను. రాలిన పూలు అరికాళ్ళకు మెత్తగా తగిలాయి. అంతే, వచ్చేసింది! ఇంటికి దాదాపు పరిగెత్తాను. "ఏమైందక్కా?" అని చెల్లెలు కంగారు పడింది. నేను నేరుగా వెళ్ళి కుంచె అందుకున్నాను.

"మీ కాళ్ళ కింద ఉన్నవి పూలు. ఒకటి అరచేతిలో పెట్టుకోండి, అచ్చం చిక్కుడు పువ్వే. ఇప్పుడు తల ఎత్తండి, తేనెటీగలు కూడా వీటికోసమే వచ్చాయి."

ఆదివారం పొద్దున సెక్రటరీ టేపు పట్టుకుని కొలతలకు వచ్చాడు. నేను బెంచీ మీద మాస్టారు గారి చోటు వదిలి కూర్చున్నాను. "ఇదెప్పుడు వెట్టిన్రు?" అంటూ బోర్డు చదివాడు. టేపు కింద పెట్టి వంగాడు. ఒక పువ్వు అరచేతిలో వేసుకుని చూశాడు. తర్వాత, మెల్లగా, మెడ పైకి తిరిగింది.

"అక్కా," అన్నాడు తల దించకుండానే, "మస్తు తేనెటీగలున్నయ్ గదా! మీటింగుల జర ఆగుదామని చెప్త."

పక్కనున్న ఖాళీ చోటుతో, "తిరిగింది మాస్టారూ" అన్నాను.

టేపు ఇంకా నేలమీదే ఉంది. దాని అంకెల మీద ఒక్కొక్కటే పూలు రాలుతున్నాయి.