నమ్మకం లేదని సంతకం

ఎల్డర్ క్రీక్ ప్రాథమిక పాఠశాలలో ప్రిన్సిపాళ్ళు మారుతుంటారు, లొరెటా క్విగ్లీ మారదు. మొదట బడి బస్సు నడిపింది. తరవాత వంటగదిలో బంగాళాదుంపల తోలు తీసింది. ఇప్పుడు ఆఫీసు గుమాస్తా. చిన్నప్పుడు తట్టు పోసి ఎడమ చెవికి వినికిడి పోయింది కాబట్టి టీకాల మీద ఆమె అభిప్రాయం ఎవరూ అడగనక్కర్లేదు. అడగరు కూడా. ఆమె ఉద్యోగం ఇతరుల అభిప్రాయాలు దాఖలు చేసుకోవడం.

అమెరికాలో మా ఆరెగన్ రాష్ట్రంలో ఫిబ్రవరిలో ఒక బుధవారం వస్తుంది. టీకాల కాగితం సరిగా లేని పిల్లల్ని ఆ రోజు ఇంటికి పంపేస్తారు. దాని అధికారిక నామం మర్యాదగానే ఉంటుంది. లొరెటా మాత్రం వెలివేత పండగ అంటుంది. వెలి తప్పించుకోవడం కష్టమేమీ కాదు. టీకాలు ఎందుకు మంచివో వివరించే వీడియో ప్రభుత్వమే చూపిస్తుంది. దాన్ని చివరిదాకా చూసిన తల్లిదండ్రులకు, మా పిల్లకు టీకా వద్దని చెప్పుకునే అర్హతాపత్రం దొరుకుతుంది. విద్యకు ఇంతటి గౌరవం మరే రాజ్యంలోనూ ఉండదు. నేను నాలుగో తరగతికి పాఠాలు చెబుతాను. పాఠం విన్నవాడికి పాఠం నుంచే విముక్తి ప్రసాదించాలని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ ఏడు ఒకటో తరగతిలో జూనిపర్ అనే పిల్ల చేరింది. రక్త క్యాన్సర్‌కు వైద్యం ముగించుకుని జనవరిలో వచ్చింది. జుట్టు ఇంకా పిచ్చుక పిల్ల ఈకల్లా ఉండేది. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి ఇంకా రాలేదు, ఈ పిల్లకు ఇప్పుడే తట్టు టీకా వెయ్యకూడదని డాక్టరు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని జిల్లా ఆరోగ్యాధికారి ఆమోదించాలి. ఆయన సెలవులో ఉన్నాడు.

మంగళవారం లొరెటా ఆయన కార్యాలయానికి ఫోను చేసింది. చెవి కారణంగా ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడుతుంది. కాఫీకని వెళ్ళిన నేను అక్కడే నిలబడిపోయాను.

"ఉత్తరం అందింది కదా?"

"అందిందండీ. బల్ల మీదే ఉంది."

"మరి?"

"బల్ల ఉందండీ, ఆయనే లేరు."

"ఆయన బదులు ఇంకెవరైనా సంతకం పెట్టొచ్చు గదమ్మా."

"ఎవరు పెట్టాలో ఆయన సంతకం పెట్టి చెప్పాలండీ."

సాయంత్రం జూనిపర్ తల్లి డెలీన్ వచ్చింది. టైర్ల దుకాణంలో పనిచేస్తుంది. కూతురు బడికి రాకముందే ఆ తరగతి పిల్లల ఇళ్ళన్నీ తిరిగి, మీ పిల్లలకు టీకాలు వేయించండని బతిమాలింది. ఆ ఇళ్ళవాళ్ళు మంచివాళ్ళు. తేనె, కోడిగుడ్లు ఇచ్చి పంపారు.

"రేపు నా పిల్లని ఇంటికి పంపేస్తావా, లొరెటా?"

"పంపాలి. ఇంకో దారి ఉంది గానీ నీకు నచ్చదు."

"చెప్పు."

"ఆ వీడియో చూసి, మా నమ్మకం ప్రకారం టీకా వద్దని సంతకం పెట్టు. కాగితం అప్పటికప్పుడే వస్తుంది."

"ఏం నమ్మకం?"

"అది వాళ్ళు అడగరులే."

"గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కున్నదాన్ని. ఇప్పుడు నాకే నమ్మకం లేదని రాయమంటావా?"

"నేను అనట్లేదు. కంప్యూటరంటోంది."

"అసలు కారణం ఆ బల్ల మీద ఉంది కదా."

"అసలు కారణానికి అధికారి సంతకం కావాలి. మిగతావాటికి నీది చాలు."

డెలీన్ కంప్యూటరు ముందుకు కుర్చీ లాక్కుని కూర్చుంది. టీకా వేయించుకోలేని బలహీనమైన పిల్లలకు తోటి పిల్లల టీకాలే రక్ష అని వీడియోలో ఒక తియ్యటి గొంతు చెప్పింది. అక్కడ డెలీన్ నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగాలేదు. తరవాత సంతకం పెట్టింది.

బుధవారం జూనిపర్‌కు వెలి తప్పింది. గుమ్మం దగ్గర డెలీన్‌కు బ్రయనీ ఎదురైంది. తేనె ఇచ్చిన తల్లుల్లో ఒకతె.

"పంపెయ్యలేదే? కాగితం దొరికిందా?"

"దొరికింది."

"మాలాంటిదేనా?"

"మీలాంటిదే."

"చూశావా, చివరికి నువ్వూ మా దారికే వచ్చావు. సంతోషం."

డెలీన్ బ్రయనీ కూతురి వంక చూసింది. "పిల్ల దగ్గుతోంది, బ్రయనీ. ఇవాళ ఇంట్లో ఉంచరాదూ?"

"ఉత్త జలుబే. అయినా దాని కాగితం సరిగ్గానే ఉందిగా."

పిల్లలిద్దరూ లోపలికి వెళ్ళారు. ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే. లొరెటా లేచి ఆ గదిలోకి వెళ్ళి, జూనిపర్ కుర్చీని కిటికీ దగ్గరికి జరిపి, కిటికీ తెరిచింది. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. బయట మంచు. ఆ పిల్ల రోజంతా కోటు విప్పలేదు.