హారన్ నడుస్తుండె

ఒక స్విచ్ ఇంత బరువుంటదని ఎవరన్న చెప్తే నవ్వేటోణ్ని. బొటనవేలు ఆనిస్తే ఆగిపోయే స్విచ్. ఆనాడు నేను దాన్ని ఆపలేదు. అప్పటి సంది మోస్తనే ఉన్న. నా భార్యకు గూడ చెప్పలేదు. మీకు నా పేరు తెల్వదు, రేపు బస్టాండ్ల మీరు నాకు ఎదురుపడరు. అందుకే మీకు చెప్తున్న.

రెండువేల పదకొండు, ఎండకాలం. నా ఇల్లు కామారెడ్డిల, నౌకరీ ఎల్లారెడ్డిల ఒక సర్కారు ఆఫీసుల. రోజు బస్సు మీద పోయొచ్చేటోణ్ని. ఆ శుక్రవారం మా పెద్దసారు రిటైర్మెంట్ ఫంక్షన్. మైకు సెట్టు తెచ్చే పని నా మీద పడ్డది. కామారెడ్డిల నాకు తెలిసిన సత్తెన్నను మాట్లాడిన. ఆయన పొద్దుగాలనే సామాను దించి, హాల్ల రెండు బాక్సులు పెట్టిండు. డాబా మీద, బజారు దిక్కు మొకం పెట్టి, గరాటు లెక్కుండే హారన్ కట్టిండు; దాని సప్పుడు లోపలికి సరిగ్గ రాదు. తీరా ఆన్ చేస్తే హాల్ల బాక్సులు పలుకుతలేవు. మైకుల ఊదినం, వేలుతోని కొట్టినం. ఊహూ.

అప్పుడే మా అటెండర్ గంగమణక్క బంతిపూల బుట్టతోని వచ్చింది. "మైకు తెమ్మంటే మూగదాన్ని పట్టుకొచ్చినవా తమ్మీ?" అన్నది. పెద్దసారు నవ్విండు. అందరు నవ్విన్రు. ఆమె నోరే గట్ల, మనసుల ఏముండదు, నాకు ఎరికే. అయినా నాకు మండింది. గా చిన్న మాటకు గంత మంట ఎందుకు? సారు ముందట నా పరువు పోయిందనా? లేకపోతే నాలోపల ముందుగాలనే ఏదో కుళ్లు ఉండి, ఆమె మాట దాన్ని బయటకు తెచ్చిందా? ఇన్నేండ్లు అడుగుతున్న నన్ను నేను.

బాక్సుల వైరు లోపల తెగిందని సత్తెన్న కనిపెట్టిండు. కొత్త వైరు తెస్తనని బజారుకు పోతు నాకు చెప్పిండు. "సారూ, హారన్ మంచిగ నడుస్తున్నది. పాత మిషన్, ఆపితే మల్ల లేస్తదో లేదో, దాన్ని ముట్టకుండ్రి. ఈడ మాట్లాడేదుంటే మైకు స్విచ్ ఆపుండ్రి. లేకుంటే బజారంత ఇనపడ్తది."

ఆయన చెప్పిండు. నేను విన్న. ఇది మీరు యాది పెట్టుకోండ్రి.

అందరు సారు గదిల చాయ తాగుతున్నరు. హాల్ల నేను, అక్క. ఆమె మైకు పక్కనే కూసోని దండ గుచ్చుతున్నది. ఆమె మొగడు మస్కట్ల ఉంటడు. శుక్రవారం ఆయనకు సెలవు, ఆమె ఆఫీసుల ఉన్న యాళ్లకు సెల్లుకు ఫోన్ చేస్తడు, ఇది ఊరందరికి తెలిసిన ముచ్చట. ఎట్ల తెలుసంటే, ఆమె అత్త పోశవ్వ మా ఆఫీసు ఎదురుంగ, బజార్ల గోనెసంచి పరుచుకొని ఆకుకూరలు అమ్మేది. కొనవచ్చినోళ్లందరికి కొడుకు ఫోన్ల ఏమన్నడో, ఏం తిన్నడో చెప్పేది.

నాకు కొంటె బుద్ధి పుట్టింది. మొగుడు పెండ్లాల ముచ్చట హారన్ల మోగితే బజారంత నవ్వుతది, పొద్దటి దానికి బదులైతది అనుకున్న. మైకు ఆమె దిక్కు జరిపిన.

"అక్కా, ఇయ్యాల శుక్రవారం గదా. బావ ఏమన్నడు ఫోన్ల?"

ఆమె అటిటు చూసింది. ఎవరు లేరు. గొంతు తగ్గించింది.

"ఏం ఫోన్ తమ్మీ. నాలుగేండ్లాయె. ఆడ ఇంకోదాన్ని చేసుకున్నడట, ఆయనతోని ఆడ పనిచేసే బీబీపేటాయన వచ్చి చెప్పిండు. అత్తమ్మ తట్టుకోదు. అందుకే శుక్రవారం శుక్రవారం నేనే ఒక ముచ్చట అల్లుకొని పోత. మొన్న చేపలకూర తిన్నడంట అని చెప్తే, ఆ దినం ముసల్ది కడుపునిండ తిన్నది."

కిటికీలకెళ్లి పోశవ్వ కనపడ్తున్నది. ఎవరికో పాలకూర కట్ట ఇస్తున్నది. చెయ్యి గట్లనే ఆగిపోయింది. తలెత్తి హారన్ దిక్కు చూసింది.

నా వేలు స్విచ్ మీదనే ఉన్నది. "ఏం ఫోన్" అన్నప్పుడే ఆపొచ్చు. ఎందుకు ఆపలే? ఆపితే టక్కుమంటది, ఇప్పటిదాక అది నడుస్తుండెనని, తెలిసే నేను నడవనిచ్చిననని అక్కకు తెలిసిపోతదని భయపడ్డ. ఆమె బతుకు బజార్ల మోగుతుంటే నేను నా మంచితనం కాపాడుకున్న. థూ, నా బతుకు.

ఎదురు దుకాణామె ఉరికొచ్చి "గంగమణీ, మైకూ!" అన్నది. అక్క చేతిలకెళ్లి దండ జారింది. బయటకు ఉరికింది. గోనెసంచి ఉన్నది, కూర కట్టలున్నయ్, పోశవ్వ లేదు.

అక్క మల్ల లోపలికి వచ్చి నా ముందట నిలవడ్డది. ఏడుస్తలేదు.

"తమ్మీ, నీకు తెల్వదా, అది నడుస్తున్నదని?"

"తెల్వదక్కా. నీ మీద ఒట్టు. సత్తెన్న నాకు చెప్పలే."

"నువ్వేం జేస్తవ్ తియ్. నా నసీబు" అని నా భుజం తట్టింది. ఆమె నన్ను ఓదార్చింది!

సత్తెన్న వైరు తెచ్చేసరికి అందరు ఆయన మీద పడ్డరు. ఆయన నా మొకం చూసిండు. నేను నేల చూసిన. ఆయన కూసోని వైరు కలిపిండు. బాక్సులు ఫస్ట్ క్లాసుగ మోగినయ్. అక్క అందరికి చాయలు పోసింది. ఆ తర్వాత మా ఆఫీసు సత్తెన్నను మల్ల పిలవలేదు.

సోమవారం పోశవ్వ మల్ల వచ్చి కూసున్నది. ఎవరో ఎగతాళిగ కొడుకు సంగతి అడిగితే, "నా కోడలు పరాచికాలాడింది. మొన్న గూడ చేసిండు ఫోన్" అన్నది. నేను విన్న. ఇంట్ల గూడ గంతేనట. కొన్ని దినాలకు అక్క నాతోని చెప్పింది: "అత్తమ్మ ఇప్పుడు నన్ను అడుగుతలేదు తమ్మీ. శుక్రవారమైతే తనే చెప్తది, నీ మొగడు మంచిగున్నడట, నువ్వు రంధి పడకు అని. కానీ బువ్వ తింటలేదు."

ఆ వానకాలంలనే ముసలవ్వ పోయింది. మట్టి ఇచ్చెతందుకు పోయిన. అక్క నన్ను పట్టుకొని ఏడ్చి, "వచ్చినవా తమ్మీ, నువ్వన్న వచ్చినవ్" అన్నది. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలే. తర్వాత నాకు కామారెడ్డికి బదిలీ అయింది.

అక్క ఇప్పటికి పండుగకు ఫోన్ చేసి పిల్లలెట్లున్నరని అడుగుతది. ప్రతిసారి చెప్దామనుకుంట. చెప్తే ఆ ఫోన్ గూడ రాదని ఆగుత. చూడుండ్రి, మల్ల నా గురించే. మాఫీ చేయమని మిమ్ముల అడుగుతలేను, అది ఇయ్యడానికి మీరెవరు? అక్క ఆనాడు అడిగిన దానికి జవాబు ఒక్కసారన్న నా నోట్లకెళ్లి రావాలె, గంతే.

తెలుసక్కా. అది నడుస్తున్నదని నాకు తెలుసు.