జ్వరం ఉత్తరం

హైస్కూల్లో మొదటి ఏడు, అంటే ఆరో తరగతిలో, మాకు ఇంగ్లీషు మొదలైంది. అరవైల చివర్లో మాట. సాలూరు దగ్గర మా ఊరి నుంచి రెండు మైళ్లు నడిచి బడికి వెళ్లేదాన్ని. క్లాసులో ఆడపిల్లలం ముగ్గురమే. దసరా దాకా నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు దిద్దాం. తర్వాత ఆవు, బల్ల, కలం. ఏడాది చివర ఇన్‌స్పెక్షన్ ఉందని మేష్టారు మా అందరిచేతా ఒక సెలవు చీటీ బట్టీ పట్టించారు. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని మొదలవుతుంది. జ్వరంతో బాధపడుతున్నాను, రెండు రోజులు సెలవు ఇప్పించండి అని దాని అర్థం. ఇన్‌స్పెక్షన్ నాడు దాన్ని తప్పు లేకుండా బోర్డు మీద రాసింది నేనే.

మా నాన్నకు చదువు రాదు. సంతకం మాత్రం నేర్చుకున్నాడు. మా పిల్ల ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తుందని ఊరంతా చెప్పుకొచ్చాడు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం కదా. నేనూ తెగ విర్రవీగాను.

మా పక్కింట్లో అటుకులు దంచి అమ్ముకునే ఆవిడ ఉండేది. చుట్టరికం లేకపోయినా అత్తా అనేదాన్ని. మొగుడు పోయాడు, ఒక్కడే కొడుకు, సాలూరులో లారీ క్లీనరు. కొండల్లో గొడవలు జరుగుతూ ఎక్కడికక్కడ పోలీసు క్యాంపులు వెలిసిన రోజులు. కొండ దిగుతున్న లారీలో ఎవరినో ఎక్కించుకున్నాడని అతన్ని పట్టుకుపోయారు. అత్త మూడు రోజులు క్యాంపు బయట కూర్చుంది. లోపలికి రానివ్వలేదు, అర్జీ పెట్టుకోమన్నారు. మేష్టారిని అడిగితే తనది సర్కారు ఉద్యోగం, రాయనన్నారట. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే, కాని ఆయన్ని అనడానికి నాకు నోరేది?

మేష్టారి దగ్గర్నుంచి అత్త తిన్నగా మా అరుగు మీదికి వచ్చింది.

"తెలుగులో రాస్తే గుమస్తా సదివి పక్కన పడేస్తాడు. ఇంగిలీసులో రాస్తే దొరే సదవాల. రెండు ముక్కలు రాసియ్యే తల్లీ."

తెలుగులోనే రాద్దాం అత్తా అనాల్సింది. తెలుగులో ఎంతైనా రాయగలిగేదాన్ని. కాని నాన్న గుమ్మంలో నిలబడి మురిసిపోతూ నన్నే చూస్తున్నాడు. అత్త చెప్పుకుపోతోంది. వాడికేమీ తెలియదని, ఓనరు ఎవర్ని ఎక్కించుకోమంటే వాళ్లని ఎక్కించుకుంటాడని, వాడు లేకపోతే తను బతకనని. నేను పెద్ద మనిషిలా తల ఊపుతున్నాను. అందులో ఒక్క ముక్క కూడా నాకు ఇంగ్లీషులో రాదు. రాదని చెప్పడానికి సిగ్గేసింది.

వచ్చిన ఉత్తరమే రాశాను. 'నేను' ఉన్నచోట 'నా కొడుకు' అని పెట్టాను. రెండు రోజులు చాలవనిపించి పది రోజులు చేశాను. అత్త కింద వేలిముద్ర వేసింది. అందులో జ్వరమని ఉన్నట్టు నాకు తెలుసు. తెలియక రాశానని ఎప్పుడూ చెప్పను.

సాయంత్రం అత్త క్యాంపు నుంచి తేలికపడ్డ మొహంతో తిరిగొచ్చింది. ఇంగ్లీషు కాగితం చూసి జవాను తిన్నగా ఆఫీసరు దగ్గరికే పట్టుకెళ్లాడట.

"దొర సదివి నవ్వినాడే. పక్కోడికి కూడా సదివి ఇనిపించినాడు. నవ్విన మనిసి సంపుతాడేటి?"

కొంగు ముడి విప్పి నా చేతుల నిండా అటుకులు పోసింది. తిన్నాను.

నాలుగు రోజులకు శవాన్ని తీసుకెళ్లమని కబురొచ్చింది. నాన్నా, ఇంకో ఇద్దరూ అత్తను బండెక్కించుకుని వెళ్లారు. కుర్రాడి వీపంతా కమిలిపోయి ఉందని నాన్న వంటింట్లో అమ్మతో చెబుతుంటే విన్నాను. ఎలా పోయాడంటే జ్వరమన్నారట. వీళ్లు నమ్మలేనట్టు చూస్తుంటే ఆఫీసరు ఓ కాగితం తీసి చూపించాడట. జ్వరమని తల్లే రాసిచ్చింది, ఇదిగో వేలిముద్ర, అన్నాడట.

నాన్న ఆ కాగితాన్ని చదవలేడు, కాని పోల్చుకునే ఉంటాడు. నన్ను ఏమీ అడగలేదు. నా ఇంగ్లీషు గురించి మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

అడిగింది అత్తే. పదో రోజు వెళ్లాక వచ్చి, అదే అరుగు మీద కూర్చుంది.

"ఆడికి జొరమని రాసినావేటే?"

లేదన్నాను. నువ్వు చెప్పిందే రాశానన్నాను.

నా తల మీద చెయ్యి వేసింది. "నాకు తెలుసే తల్లీ. ఆల్లే అబద్దమాడతన్నారు."

బతికినన్నాళ్లూ ఊళ్లో అందరితో ఆ మాటే చెప్పింది. వాళ్లు ఆడింది అబద్ధమే. వాళ్లకు దాన్ని రాసిచ్చింది నేను.